పగడాలకు పడే పూత

మా మరదలు సీతారత్నానికి తరచూ ఒక కల వస్తుంది. తాడేపల్లిగూడెం పోస్టాఫీసు మొత్తం నీళ్లలో మునిగి ఉంటుందట. వరద నీళ్లు కావు, మురికి నీళ్లు కావు, అడుగు దాకా కనిపించే తేట నీళ్లు. పైన ఫ్యాన్లు మెల్లగా తిరుగుతుంటాయి. కౌంటర్ అద్దానికున్న కంతలోంచి బొమ్మిడాయి చేపలు ఒకదాని వెనక ఒకటి లోపలికి వచ్చి, స్టాంపుల సొరుగు చూసి, మళ్లీ వెళ్లిపోతాయి. జనం వరసలో నిలబడే ఉంటారు గాని ఎవరికీ తొందర ఉండదు. సీత మాత్రం తలెత్తి, నీటి పైపొర మీద ఎండ కదలడం చూస్తూ కూర్చుంటుందట.

"కూర్చుని ఏం చేస్తావే?" అని అడిగాను ఒకసారి.

"ఏమీ చెయ్యనండీ వదినగారూ. చూస్తానంతే."

నాకిలాంటి కలలు రావు. ఏలూరులో లైబ్రేరియన్‌గా చేసి రిటైరయ్యాను. పుస్తకంలో పేజీ చించినవాణ్ణి నిలబెట్టి కడిగేసిన దాన్ని. నా కలల్లో కూడా ఎవరో ఒకరు పుస్తకం తిరిగివ్వకుండా పారిపోతుంటారు, నేను వెంటపడుతుంటాను. ఆడపడుచు ఇలాంటిది, మరదలు అలాంటిది, ఇద్దరికీ ఎలా పొసిగిందా అని మా బంధువులు ఇప్పటికీ ఆశ్చర్యపోతారు. పొసగకేం? తగువు పెట్టుకుందామన్నా అవతలి మనిషి "మరేనండీ" అంటుంటే ఎంతసేపని అరుస్తాం?

సీత పుట్టింది కొల్లేటి లంకలో. వాళ్ల నాన్నగారు అక్కడ బడిపంతులు. బజారుకైనా బడికైనా దోనెలోనే వెళ్లే ఊరు అది. చలికాలం వచ్చి నీళ్లు తేరుకున్నాక, దోనె అంచు మీద గడ్డం ఆనించి కిందికి చూస్తూ పోయేదట. నాచు తీగలన్నీ ఒకే వైపుకి వాలి నిద్రపోతున్నట్టు ఉండేవట. వాటి నీడలో చిన్న చేపలు కదలకుండా నిలబడి ఉండేవట. అడుగున బురద మీద నత్త పాకిన చార కూడా కనిపించేదంటుంది. ఆ మాటలు చెప్పేటప్పుడు దాని గొంతు ఇంకా తగ్గిపోతుంది, వినాలంటే మనమే ముందుకు వంగాలి.

తరవాత గట్లు లేచాయి. గట్ల మధ్య చేపల చెరువులు వచ్చాయి. మేత పడి, ఎరువు పడి నీళ్లు పచ్చగా చిక్కబడ్డాయి. ఆ చెరువుల మీద ఎన్నో ఇళ్లు నిలబడ్డాయి, కాదనను. మా ఇంట్లో ఉడికే చేప కూడా అక్కడిదే. కాని ఇప్పుడు అటు వెళ్లి చెయ్యి మణికట్టు దాకా ముంచితే వేళ్లు కనబడవు. పుట్టింటికి వెళ్లినప్పుడల్లా సీత గట్టు మీద కాసేపు నిలబడి, చెయ్యి ముంచి చూసుకుని, చీర కొంగుకి తుడుచుకుని వచ్చేస్తుంది.

మా తమ్ముడు భాస్కరరావుది ఉంగుటూరు పక్క వ్యవసాయం. వాడు పొలం వదలడు, ఆమె ఉద్యోగం వదలదు. రోజూ పొద్దున్నే ఆటో ఎక్కి గూడెం వెళ్లి, పోస్టాఫీసు కౌంటర్లో కూర్చుని సాయంత్రానికి వస్తుంది. అలా హాయిగా సాగిపోతున్న రోజుల్లో ముఖం మీద తెల్ల మచ్చలు మొదలయ్యాయి. ముందు కనుబొమ్మ దగ్గర, తరవాత పెదవుల చుట్టూ, మెడ మీద, ముంజేతి మీద. ఏలూరులో చర్మం డాక్టరుకి నేనే చూపించాను. బొల్లి అన్నాడు. అంటదు, ప్రాణానికేమీ కాదు, కాకపోతే మచ్చ ఉన్నచోట ఎండని ఆపే రంగు చర్మంలో ఉండదు కాబట్టి ఎండ తగలనివ్వకండి అన్నాడు.

అంతటితో పోయేదే. ఒకరోజు పెన్షన్ కోసం వచ్చిన వెంకటనరసమ్మ అనే ఆవిడ, వరసలో చాలాసేపు నిలబడి, తన వంతు వచ్చాక సీత ముఖం చూసి, ఏమీ అనకుండా పక్క వరస చివరికి వెళ్లి నిలబడింది. ఆమె ఒక్క మాట అని ఉంటే బాగుండేది. సీత ఆ సంగతి నాకు చెప్పినప్పుడు చిక్కుళ్లు ఒలుస్తోంది, ఒలవడం ఆపలేదు. ఆ మర్నాటి నుంచీ రంగు క్రీమ్ వచ్చింది. ఒంటి ఛాయలోనే ఉంటుంది, మచ్చని కప్పేస్తుంది, చెమటకీ నీళ్లకీ అంత తొందరగా పోదు, ఎండనీ ఆపుతుంది. తెల్లవారకుండా లేచి, అద్దం ముందు కూర్చుని, ముఖమంతా ఒకే రంగు తెచ్చుకుని గాని గడప దాటేది కాదు. మొదట్లో మచ్చలు చూసినవాళ్లు మందుకి తగ్గిపోయాయనుకుంటారనీ, ఆ ముఖం మా తమ్ముడికీ, కూతురు తేజశ్రీకీ, నాకూ తప్ప ఇంకెవరికీ తెలియదనీ దాని నమ్మకం.

పోయిన చలికాలం పోస్టాఫీసు వాళ్లు నాలుగు కుటుంబాలు కలిసి ఎల్‌టీసీ ప్రయాణ ఖర్చు మీద అండమాన్ వెళదామనుకున్నారు. పక్క కౌంటర్లో చేసే హిమబిందు ఫోన్లో ఫోటో చూపించిందట. సముద్రంలో పడవ. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే పడవ గాలిలో ఆగి ఉన్నట్టుంది, దాని నీడ కింద ఇసక మీద పడింది. "కింద కనిపించేవి పగడాల దిబ్బలంటండీ సీతారత్నం గారూ. కళ్లద్దాలు పెట్టుకుని ముఖం ముంచితే చాలంట, అన్నీ కనబడతాయంట" అందట హిమబిందు. సీత ఆ ఫోన్ తిరిగి ఇవ్వడం మరిచిపోయింది. సాయంత్రం ఆటో దిగి ఇంటికి వచ్చేసరికే కొల్లేటి పిల్ల అయిపోయిందని మా తమ్ముడు చెప్పాడు. అన్నం వడ్డిస్తూ కూర వెయ్యడం మరిచిపోయిందట.

మా తమ్ముడికి అప్పుడు దాళ్వా పంట నాట్లు. నాట్లప్పుడు వాణ్ణి స్వర్గానికి రమ్మన్నా రాడు. తేజశ్రీకి పరీక్షలు. "అక్కా, నువ్వు తోడు వెళ్లు, నువ్వుంటే దాన్ని ఎవరూ ఏమీ అనరు" అన్నాడు. కాపలాకుక్కలా పనికొస్తానని వాడి ఉద్దేశం. సరేనన్నాను.

తీసుకెళ్లే ట్రావెల్స్ వాళ్లు జాగ్రత్తలు పంపించారు. అందులో పగడాలకు హాని చేసే సన్‌స్క్రీన్ రాసుకుని నీళ్లలో దిగవద్దని ఉంది. మిగతావాళ్లు టోపీల సంగతి, వాంతుల మాత్రల సంగతి మాట్లాడుకున్నారు గాని ఈ ముక్క ఎవరూ పట్టించుకోలేదు. సీతకి అదే పట్టుకుంది. అది ఎండలో అలాగే వెళ్లడానికి వీల్లేదు. మచ్చల మీద బొబ్బలెక్కుతాయి. ఏదో ఒకటి రాసుకోవాలి. ఏది రాసుకోవాలి?

ఇక్కడ మా తమ్ముడు తెలివి ఉపయోగించాడు. మా వైపు కొత్త చెరువులో చేపపిల్ల వదిలే ముందు, ఓ గుప్పెడు పిల్లల్ని చిన్న వలసంచిలో వేసి ఆ నీళ్లలో ఉంచి చూస్తారు. అవి బాగుంటే నీళ్లు మంచివన్నట్టు. "దానికేముంది, మనమూ అలాగే చూద్దాం" అన్నాడు. చేపపిల్లల వ్యాపారం చేసే ఇస్సాకుని పిలిపించి, పాలిథిన్ సంచిలో బొచ్చెపిల్లలు తెప్పించాడు. పెరట్లో ప్లాస్టిక్ టబ్బులు వరసగా పెట్టి, ఒకదాంట్లో సీత రంగు క్రీమ్, ఇంకోదాంట్లో నేను ఏలూరు నుంచి తెచ్చిన సన్‌స్క్రీన్, మరోదాంట్లో మామూలు కొబ్బరినూనె కలిపాడు. మర్నాడు చూస్తే అన్ని టబ్బుల్లోనూ పిల్లలు దివ్యంగా ఈదుతున్నాయి. తవుడు చల్లితే పైకొచ్చి ఎగబడ్డాయి.

"చూసేవా అక్కా? ఏదీ ఏమీ చెయ్యదు. ఉత్త హడావిడి" అన్నాడు వాడు. ఇస్సాకు కూడా టబ్బులోకి వంగి చూసి, "ఆయ్, పిల్ల భేషుగ్గా ఉందండి" అన్నాడు. సీత ముఖం వెలిగిపోయింది. రంగు క్రీమ్ టబ్బులో పిల్లలే ఎక్కువ హుషారుగా ఉన్నాయని దానికి అనిపించింది కూడా.

ఆ శనివారం తేజశ్రీ కాలేజీ నుంచి వచ్చింది. అది ఫిషరీస్ డిగ్రీ చదువుతోంది. టబ్బుల సంగతి విని మెట్టు మీద కూలబడి కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది.

"నాన్నా, బొచ్చెపిల్లకీ పగడానికీ ఏం సంబంధం? చేపకి ఇక్కడ బాగోకపోతే అటు పోతుంది. పగడం ఎటు పోతుంది? ఉన్నచోటే ఉంటుంది."

"కదలదా?" అన్నాడు వాడు.

"కదలదు. అది రాయి కాదు, చెట్టు కాదు. చిన్న చిన్న ప్రాణులు కలిసి కట్టుకున్న ఊరు అనుకో."

సీత చెయ్యి మెడ దగ్గరికి వెళ్లింది. మంగళసూత్రాల పక్కన నల్లపూసల మధ్య గుచ్చిన పగడాలు పట్టుకుని, "ఇవీనా?" అంది.

"అవి వేరే రకం, కాని ఆ వంశమే అమ్మా."

"ప్రాణం ఉన్నవని ఒక్కళ్లూ చెప్పలేదే నాకు" అని సీత ఆ పగడాలని వేళ్ల మధ్య తిప్పుతూ ఉండిపోయింది. పెళ్లినాటి నుంచీ గుండెల మీద వేసుకు తిరుగుతున్న వస్తువుని అప్పుడే పరిచయం చేసినట్టు చూసుకుంది.

తేజశ్రీ ఉత్సాహంగా చెప్పుకుపోయింది. పగడం ఒంట్లోనే కంటికి కనిపించనంత చిన్న మొక్కలు ఉంటాయట. అవి ఎండలో వండిపెడితే పగడం తింటుందట. దాని రంగు కూడా ఆ మొక్కలదేనట. సముద్రం వేడెక్కితే ఆ మొక్కలు పోతాయట, అసలు పెద్ద దెబ్బ అదేనట. కొన్ని సన్‌స్క్రీన్లలో ఉండే ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ లాంటివి కూడా, అందరూ గుంపుగా దిగేచోట, పగడాలకూ వాటి పిల్లలకూ చేటు చేస్తాయని పరీక్షల్లో కనిపించిందట. "మొక్కలు పోతే పగడం తెల్లగా అయిపోతుందమ్మా. మచ్చలు మచ్చలుగా మొదలై..."

అక్కడ ఆగిపోయింది పిల్ల. తల్లి ముఖం చూసింది. కూతురు వస్తోందని సెలవు పెట్టి ఇంట్లోనే ఉంది కాబట్టి సీత ఆ పూట రంగు రాసుకోలేదు.

"తెల్లబడితే చచ్చిపోయినట్టా?" అని సీత మామూలుగానే అడిగింది.

"కాదమ్మా. వెంటనే ఏమీ కాదు. బతికే ఉంటుంది. ఎండకి తట్టుకోలేదంతే. మంచిగా చూస్తే మళ్లీ తేరుకుంటుంది."

"అలాగా" అంది సీత. లేచి వెళ్లి టబ్బుల్లో ఉన్న పిల్లలన్నిటినీ బకెట్లోకి తీసి తేజశ్రీ చేత ఇస్సాకుకి పంపించేసింది.

ఆ మర్నాడు గూడెంలో ఫ్యాన్సీ షాపుకి వెళ్లాం. ట్యూబు ముందు వైపు చేప బొమ్మ ఉన్నా, పగడాలకి మంచిదని రాసి ఉన్నా నమ్మొద్దని, వెనక వైపు చిన్న అక్షరాలు చదవమని తేజశ్రీ చెప్పింది. ముందు వైపు ఎవరేం రాసుకున్నా అడిగేవాళ్లు లేరట. పుస్తకాల అట్టల మీద రాసేది కూడా అంతేగా, నాకు అది కొత్త కాదు. షాపులో చాందిని అనే అమ్మాయి ఓపిగ్గా ఒక్కొక్కటే తీసి గాజుబల్ల మీద పెట్టింది. నేను కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, ట్యూబుల్ని ముక్కుకి ఆనించి చదివాను. ముందుగా సీత సంచిలోంచి దాని రంగు క్రీమ్ తీసి తిప్పాను. ఆక్టినాక్సేట్ అని ఉంది. మూడో మాటే.

సీత ఆ ట్యూబు నా చేతిలోంచి తీసుకుని మళ్లీ సంచిలో పెట్టేసుకుంది.

తేజశ్రీ చెప్పినట్టు ఉత్త జింక్ ఆక్సైడ్ ఉన్నది కావాలన్నాం. చాందిని మొహం అదోలా పెట్టింది. "ఉందండీ, కానీ ఎవ్వరూ తీసుకోరండీ. తెల్లగా కనబడిపోతుందండీ" అని నా చేతి మీద రాసి చూపించింది. నా చెయ్యి నలుపు. పిండి జల్లెడ పట్టి లేచినట్టయింది. రంగు కలిపిన జింక్ కూడా ఉందని ఇంకొకటి తీసింది. అది సీత కొంగు చాటున దాచుకునే ముంజేతి మచ్చ మీద రాస్తే పలచగా పరుచుకుంది, మచ్చ కింద నుంచి అలాగే కనబడింది. తడి గుడ్డతో తుడిస్తే ఉన్న కాస్తా వచ్చేసింది.

అంటే సంగతి తేలిపోయింది. మచ్చ కప్పేదీ నీళ్లలో నిలిచేదీ ఆ పాత క్రీమ్ ఒక్కటే. అది రాసుకుంటే పగడాలకు పడదు. పగడాలకు పడేది రాసుకుంటే పోస్టాఫీసు మొత్తం ముందు మచ్చల ముఖంతో నిలబడాలి. ఇన్నేళ్లు ఎవరి కంటా పడకుండా దాచుకున్న ముఖం అది.

ఆటో కోసం నిలబడ్డప్పుడు నేను ఊరుకోలేకపోయాను. "సముద్రం ఎంత, నీ ముఖం ఎంత? ఆ చిటికెడు క్రీమ్‌కే పగడాలన్నీ ఊడ్చుకుపోతాయా? హాయిగా నీది నువ్వు రాసుకో. లేదా అడుగున అద్దాలున్న పడవ ఉందట, అందులో కూర్చుని చూడు."

"మా లంకలో మంచినీళ్ల చెరువు ఉండేదండీ వదినగారూ" అంది సీత. "ఊరందరికీ తాగడానికి అదే. తలకి నూనె రాసుకున్న రోజు మా అమ్మ మెట్టు కూడా దిగనిచ్చేది కాదు. కూసింత నూనేగా అంటే, అందరిదీ కూసింతేనే అనేది."

"అయితే దిగకు. పడవలోంచి చూడు."

"పడవలోంచి చిన్నప్పుడు చూసేసేనండీ" అని నవ్వింది. ఆటో వచ్చింది. లోపల కూర్చున్నాక, "దిగాలనుందండీ" అంది.

దాన్ని చూస్తే నాకు జాలేసింది. ఆ జాలికి కోపం కూడా వచ్చింది. కావలసింది అడగడం ఇన్నాళ్లకి నేర్చుకుంది, అడిగిన మొదటిది ఇంత చిక్కుగా రావాలా? చివరికి పాత రంగు క్రీమూ, ఉత్త జింక్‌దీ, రెండు ట్యూబులూ సూట్‌కేసులో పెట్టుకుని బయల్దేరింది. మెడ నుంచి మడమల దాకా కప్పే ఈత దుస్తులు తేజశ్రీ తెప్పించి పెట్టింది. ఒళ్లు కప్పుకుంటే క్రీమ్ తక్కువ పడుతుందంది. ఇక మిగిలింది ముఖం ఒక్కటే.

చెన్నై వెళ్లి విమానం ఎక్కాం. పోర్ట్‌బ్లెయిర్ నుంచి ఓడలో నీల్ దీవికి చేరేసరికి సాయంత్రమైంది. దారి పొడవునా సీత రంగు చెదరకుండా కూర్చుంది. ఓడ అద్దంలోంచి సముద్రం నీలం నుంచి ఆకుపచ్చకి, ఆకుపచ్చ నుంచి అసలు రంగే లేనిదానికి మారిపోవడం చూస్తూ ఒక్క మాటా మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. నా బతుకులో నోరు మూసుకుని అంతసేపు కూర్చోవడం అదే మొదలు. ఓడ కదులుతోందో, దీవే మా వైపు వస్తోందో తెలియలేదు.

మర్నాడు పొద్దున్న నాకు మెలకువ వచ్చేసరికి సీత మంచం అంచున కూర్చుని ఉంది. కిటికీలోంచి తాజా ఎండ పడుతోంది. ఒళ్లో రెండు ట్యూబులు. ముఖం కడుక్కుంది, ఇంకా ఏదీ రాసుకోలేదు. బయట కొబ్బరాకుల చప్పుడు, దూరంగా అలల చప్పుడు, ఏది ఏదో తెలియకుండా కలిసిపోతున్నాయి. నేను లేచినట్టు కూడా చెయ్యలేదు. సలహా ఇవ్వడానికి నోరు ఊరుతోంది గాని దుప్పటి నోట్లో కుక్కుకున్నాను.

చాలాసేపటికి జింక్ ట్యూబు మూత తీసింది. రాసుకుంది. ముందు ముఖమంతా బూడిద పూసుకున్నట్టయింది. మెల్లగా రుద్దుకుంటే గోధుమరంగు చర్మం మీద కలిసిపోయి, మచ్చలన్నీ ఉన్నచోట ఉన్నట్టుగా మళ్లీ బయటపడ్డాయి. అద్దం చూసుకోలేదు.

"పదండి వదినగారూ" అంది.

ఒడ్డున అందరూ కొబ్బరిబొండాల దుకాణం దగ్గర గుమిగూడి ఉన్నారు. మేం వెళ్తుంటే ముందు మాటలు ఆగాయి. తరవాత అందరూ ఒకేసారి మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టారు. ఎవరూ సీత ముఖం వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతున్నారో నాకు తెలుస్తోంది. "టిఫిన్ చేసేరాండీ?" అంది హిమబిందు సముద్రం వైపు చూస్తూ. "చేసేమండీ" అంది సీత ఇసక వైపు చూస్తూ. మా గోదావరి వాళ్ల మర్యాద అది. ఇల్లు కాలుతున్నా ముందు కాఫీ తాగేరా అని అడుగుతాం.

సీత ఇంక అక్కడ ఆగలేదు. కళ్లద్దాలూ ఊపిరి గొట్టమూ తగిలించుకుని, గైడు ఇచ్చిన రింగు పట్టుకుని నీళ్లలోకి నడిచింది. వెన్ను మాత్రం కనిపిస్తోంది, తల మునిగి ఉంది. అలా చాలాసేపు, ఆకు తేలినట్టు తేలుతూ ఉండిపోయింది. నాకు గాభరా వేసి నడుము లోతు దాకా దిగాను. గైడు నాకూ ఒక కళ్లద్దాల తొడుగు పెట్టి ముఖం ముంచమన్నాడు. ముంచాను.

చప్పుడు పోయింది. ముందుగా తెలిసింది అదే. తరవాత కింద గోధుమరంగు కొమ్మలు, పసుపు గుండ్రాలు, ఊదా అంచులు, వాటి మధ్య కూర్చి పేర్చినట్టు చేపలు. ఎండ చారలు చారలుగా దిగి వాటి మీద నడుస్తోంది. ఒక నీలం చేప నా కళ్లద్దం ముందుకొచ్చి నిలబడి నన్ను చూసింది. నేనేమీ అనలేదు. ఎవరినీ ఏమీ అనాలనిపించలేదు. ఇంత నిదానంగా బతికే ఊరొకటి ఉందని తెలియకుండా అరవై దాటించేశానే అని మాత్రం అనిపించింది. ఊపిరాడక తల పైకెత్తాను.

అప్పటికే సీత ఒడ్డుకి పరిగెడుతోంది. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టేసుకుంది. జుట్టంతా నీళ్లు కారుతున్నాయి. సూటిగా హిమబిందు దగ్గరికి వెళ్లి మణికట్టు పట్టుకుంది.

"రండి, రండి హిమబిందు గారూ. మీరు చూడాలండీ. కొమ్మల్లోకి దూరి పడుకుంటున్నాయండీ చేపలు. అడుగు దాకా కనబడుతోందండీ, అడుగు దాకా."

హిమబిందు కదల్లేదు. ఈసారి సముద్రం వైపు చూడలేదు. సీత ముఖంలోకే చూస్తోంది, కళ్లు నిండిపోతున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది సీతకి. రెండో చెయ్యి ముఖం మీదికి సగం లేచింది.

"దాచకండి" అంది హిమబిందు. "మాకు తెలుసండీ. మొదట్నుంచీ తెలుసు. ఆఫీసులో అందరికీ తెలుసు."

"ఏం తెలుసు?"

"ఎండాకాలం కరెంటు పోయినప్పుడు చెమటకి చెంప దగ్గర రంగు చెదిరేదండీ. మీరు లోపలికెళ్లి సరిచేసుకుని వచ్చేవారు. మీరు వచ్చేదాకా మేమంతా తలలొంచుకుని పని చేసుకునేవాళ్లం. చూసేమని తెలిస్తే మీరు నొచ్చుకుంటారని."

సీత చెయ్యి ముఖం దాకా వెళ్లకుండానే దిగిపోయింది.

"తెలిసీ ఊరుకున్నారా?" అంది. గొంతు పెరిగింది. "అన్నేళ్లూనా? ఒక్కళ్లకీ అడగాలనిపించలేదా? రోజూ మీ పక్కనే కూర్చుని అన్నం తిన్నానండీ. చెయ్యి కడుక్కుని ముఖం తుడుచుకుందామంటే భయపడి చచ్చేదాన్నండీ! కూరలో కారం ఎక్కువై చెమట పడితే తినడం మానేసేదాన్నండీ!"

ఒడ్డు మీద అందరూ మా వైపు తిరిగారు. దుకాణం అతను బొండాం కొట్టడం ఆపేశాడు.

"మీరే చెబుతారని చూసేమండీ..." హిమబిందు ఏడుస్తోంది. "ఎలా అడగాలో తెలీలేదండీ."

నాకు ఆ ఇద్దరినీ పట్టుకుని కుదిపెయ్యాలనిపించింది. పక్కపక్క కుర్చీల్లో కూర్చున్న మనుషులు. ఒకరు దాస్తూ, ఒకరు చూడనట్టు నటిస్తూ ఎన్నేళ్లు పోగొట్టుకున్నారు! ఎవరికి కావాలమ్మా ఇంత మర్యాద? కాని నా కళ్లూ మండుతున్నాయి. ఉప్పునీళ్లు పడ్డాయని చెప్పుకున్నాను.

సీత గట్టిగా ఊపిరి తీసుకుంది. ముఖం మీది నీళ్లని అరచేత్తో కిందికి తుడిచేసుకుంది. మచ్చలు, ఛాయ, అన్నీ తడిగా ఎండలో మెరుస్తున్నాయి.

"ఏడుపు తరవాతండీ. గాలి లేస్తే నీళ్లు కలకబారతాయంట. ముందు రండి."

సీత ముందు నడిచి మోకాలి లోతు నీళ్లలో నిలబడింది. హిమబిందు ముక్కు తుడుచుకుని రెండడుగులు వేసి ఆగింది. "ముఖానికి నా క్రీమ్ రాసుకున్నానండీ. అది మంచిదో కాదో తెలీదు."

"అయితే కడుక్కుని రండి. నాది రాస్తాను" అంది సీత. "నేనిక్కడే ఉంటాను."

హిమబిందు కుళాయి దగ్గరికి వెళ్లింది. ఒడ్డున ఉన్న పోస్టాఫీసు వాళ్లందరి వైపూ తిరిగి, మోకాలి లోతు నీళ్లలో, సీత ఎండలో నిలబడి ఎదురుచూసింది.